మాయావేణువు: ఇంగ్మార్ బెర్గ్‌మన్ టెలివిజన్ ఒపేరా (1975)

స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ టెలివిజన్ కోసం రూపొందించిన ఒపేరా చిత్రం ‘ట్రోల్‌ఫ్లోయ్‌తెన్’, అంటే మాయావేణువు. వోల్ఫ్‌గాంగ్ అమదేయుస్ మొజార్ట్ 1791లో స్వరపరచిన జర్మన్ ఒపేరా దీనికి మూలం. స్వీడన్‌లో రేడియో ప్రసారాలు మొదలై 50 ఏళ్ళు నిండిన రోజున, 1975 జనవరి 1న, దీన్ని మొదటిసారి ప్రసారం చేశారు. నిడివి 135 నిమిషాలు. పాటలు, మాటలు అన్నీ స్వీడిష్‌లోనే ఉంటాయి. ఛాయాగ్రాహకుడు స్వెన్ నిక్విస్ట్, సంగీత నిర్వాహకుడు ఎరిక్ ఎరిక్‌సన్. తరువాత దీన్ని సినిమా హాళ్ళలో కూడా విడుదల చేశారు. ఒపేరాను తెరకు ఎక్కించే పద్ధతుల గురించి రాసేవారు ఈ చిత్రాన్ని తప్పకుండా ప్రస్తావిస్తారు. రంగస్థలాన్ని దాచకుండా, కళాకారుల ముఖాలకు దగ్గరగా వెళ్ళి తీయడం దీని ప్రత్యేకత.

మూలకృతి (చూ. మొజార్ట్, హాస్య ఒపేరా)

మొజార్ట్ కృతుల కోషెల్ జాబితాలో ఈ ఒపేరాది 620వ సంఖ్య. రెండు అంకాలు. 1791 సెప్టెంబరు 30న వియన్నా శివారులోని వీడెన్ నాటకశాలలో తొలి ప్రదర్శన జరిగింది. తొలి ప్రదర్శనను స్వయంగా నడిపించిన మొజార్ట్ అదే ఏడాది డిసెంబరు 5న మరణించాడు.

ఇది ‘సింగ్‌ష్పీల్’ అనే కోవకు చెందుతుంది. ఇటాలియన్ ఒపేరాలో పాటకూ పాటకూ నడుమ వచ్చే సంభాషణను కూడా ఒక రాగధోరణిలో పాడతారు. సింగ్‌ష్పీల్‌లో ఆ సంభాషణ మామూలు మాటల్లోనే సాగుతుంది. మన పద్యనాటకంలో పద్యాల మధ్య వచనం నడిచినట్టే ఇక్కడా కథ మాటల్లో కదులుతుంది, భావం పాటలో నిలుస్తుంది. ఈ రూపం ఆస్థానంలో పుట్టింది కాదు. టికెట్టు కొని వచ్చే సామాన్య ప్రేక్షకుల కోసం, హాస్యగాళ్ళు, యక్షిణులు, రంగస్థల యంత్రాల చమత్కారాలతో నడిచే వినోదం ఇది. మొజార్ట్ ఆ చట్రంలోనే ఉండి దాని స్థాయి పెంచాడు. గంభీరమైన పూజారుల బృందగానం, జానపద బాణీలో సాగే వేటగాడి పాట, ఇటాలియన్ ఫక్కీలో రాణి పాడే ఆగ్రహగీతం ఒకే సాయంత్రం వినిపిస్తాయి. అందుకే దీన్ని హాస్య ఒపేరా అనాలా, తాత్త్విక నాటకం అనాలా అన్న చర్చ ఇంకా ఉంది. రెండూ నిజమేనని బెర్గ్‌మన్ చిత్రం చూసినవారికి తెలుస్తుంది.

పాఠ్యం రాసినవాడు ఎమాన్యుయేల్ షికనేడర్. నాటకశాల నిర్వాహకుడూ అతడే, పక్షులు పట్టే పాపగేనో పాత్రధారీ అతడే. శిక్షణ పొందిన గొప్ప గాయకుడు కాకపోవడంతో, పాపగేనో పాటలను మొజార్ట్ చిన్న పరిధిలో, చరణాలు తిరిగి తిరిగి వచ్చేలా కట్టాడు. రాత్రి రాణి పాత్రను మాత్రం తన వదిన యోసెఫా హోఫర్ గొంతుకు తగ్గట్టు రాశాడు. స్త్రీ కంఠం చేరగల పైస్థాయి అంచుల దాకా ఆ పాట వెళుతుంది. కథానాయిక పామినాగా తొలిసారి పాడిన ఆనా గోట్లీబ్‌కు అప్పటికి 17 ఏళ్ళు. కథానాయకుడు తమీనోగా తొలిసారి పాడిన బెనెడిక్ట్ షాక్ వేణువు వాయించడంలోనూ దిట్ట.

తొలి ప్రదర్శనలనాటి ఒక సంగతిని మొజార్ట్ భార్యకు రాసిన ఉత్తరంలో చెప్పాడు. పాపగేనో వేదిక మీద గంటలు వాయిస్తున్నట్టు నటిస్తుంటే, ఆ వాద్యం తెర వెనుక మోగుతుంది. ఒకరోజు మొజార్ట్ తెర వెనక్కి వెళ్ళి, వాయించకూడని చోట వాయించాడు. షికనేడర్ ఉలిక్కిపడి అటు చూశాడు, మరోసారి మోగగానే తన గంటల పెట్టెను కొట్టి, నోరుమూసుకో అన్నాడు. ప్రేక్షకులు విరగబడి నవ్వారు. గంటలు వాయించేది పాపగేనో కాదని చాలామందికి అప్పుడే తెలిసింది. తెర ముందు, తెర వెనుక రెండింటినీ ఒకేసారి చూపించే బెర్గ్‌మన్ పద్ధతికి మూలకృతి స్వభావంలోనే చోటు ఉందని ఈ సంగతి చెబుతుంది.

కథాసంగ్రహం

యువరాజు తమీనోను ఒక మహాసర్పం తరుముతుంది. రాత్రి రాణి చెలికత్తెలు ముగ్గురు దాన్ని చంపుతారు. అటుగా వచ్చిన పాపగేనో ఆ ఘనత తనదేనని చెప్పుకుంటాడు. అబద్ధానికి శిక్షగా చెలికత్తెలు అతడి నోటికి తాళం వేస్తారు. రాణి కూతురు పామినా చిత్రం చూసి తమీనో ప్రేమలో పడతాడు. ఆమెను సారాస్త్రో అనే దుర్మార్గుడు ఎత్తుకుపోయాడని, విడిపించి తెమ్మని రాణి కోరుతుంది. తమీనోకు మాయావేణువు, పాపగేనోకు మాయాగంటలు ఇస్తారు. దారి చూపడానికి ముగ్గురు బాలురు వస్తారు.

సారాస్త్రో లోకానికి చేరాక కథ తిరగబడుతుంది. అతడు దుర్మార్గుడు కాదు, జ్ఞానుల సమాజానికి పెద్ద. పామినాను వేధించేది అతడి సేవకుడు మోనోస్తాతోస్. తమీనో మౌనపరీక్షకు, ఆపై అగ్ని, జలపరీక్షలకు సిద్ధపడతాడు. సారాస్త్రోను చంపమని రాణి కూతురి చేతికి కత్తి ఇస్తుంది. తమీనో మౌనాన్ని పామినా అపార్థం చేసుకుని ప్రాణం తీసుకోబోతుంది, బాలురు ఆపుతారు. తోడు దొరకలేదని ఉరిపోసుకోబోయిన పాపగేనోనూ వాళ్ళే ఆపి, గంటలు మోగించమని గుర్తు చేస్తారు. పాపగేనా వస్తుంది. తమీనో, పామినా చేయి చేయి పట్టుకుని వేణునాదం తోడుగా పరీక్షలు దాటుతారు. రాణి దండయాత్ర విఫలమవుతుంది.

టెలివిజన్‌లో ఒపేరా: పూర్వచరిత్ర

టెలివిజన్ పుట్టిన తొలి దశాబ్దాలలోనే ఒపేరా దాని మీదికి వచ్చింది. అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ జాన్ కార్లో మెనోటీ చేత టెలివిజన్ కోసమే రాయించిన ‘అమాల్ అండ్ ద నైట్ విజిటర్స్’ను 1951 డిసెంబరు 24న ప్రసారం చేసింది. ఆ సంస్థే 1956 జనవరిలో మాయావేణువును ఇంగ్లీషులో అందించింది. ఆ పాఠ్యం కవి డబ్ల్యూ. హెచ్. ఆడెన్, చెస్టర్ కాల్‌మన్‌లది, రంగరచన జార్జ్ బాలన్‌షిన్‌ది, పామినా పాత్ర లియోంటిన్ ప్రైస్‌ది. బ్రిటన్‌లో బెంజమిన్ బ్రిటెన్ బీబీసీ కోసం రాసిన ‘ఓవెన్ వింగ్రేవ్’ 1971లో ప్రసారమైంది. జర్మనీలో హాంబుర్గ్ ఒపేరా అధిపతి రోల్ఫ్ లీబర్మన్ తన సంస్థ ప్రదర్శనలను స్టూడియోలో చిత్రీకరించే పని చేపట్టాడు. పీటర్ ఉస్తినోవ్ రంగదర్శకత్వం వహించిన మాయావేణువు ఆ వరుసలోదే.

ఈ ప్రయత్నాలన్నిటికీ ఎదురైన చిక్కులు దాదాపు ఒకటే. ఒపేరా గాయకులు వేల మంది కూర్చునే హాలు చివరిదాకా వినపడేలా పాడతారు, కనపడేలా చేతులు ఊపుతారు. అదే ముఖాన్ని కెమెరా దగ్గరగా చూపిస్తే బిగిసిన దవడ, విప్పారిన నోరు, శ్రమ కనిపిస్తాయి, పాత్ర మరుగున పడుతుంది. దూరం నుంచి చూపిస్తే చిన్న తెర మీద మనుషులు చీమలవుతారు. ఆ కాలపు టెలివిజన్ పెట్టెలోని స్పీకరు చిన్నది, శబ్దం ఒకే మార్గంలో వచ్చేది. వీటికి తోడు కృత్రిమత్వం అనే సమస్య ఉంది: అట్టతో చేసిన అడవి నాటకశాలలో అడవిలాగే అనిపిస్తుంది, కెమెరా ముందు అట్టలా మిగిలిపోతుంది. కొందరు నాటకశాల నుంచి నేరుగా ప్రసారం చేసి సరిపెట్టుకున్నారు. కొందరు నిజమైన కోటలకు, తోటలకు వెళ్ళి సినిమాలా తీశారు. బెర్గ్‌మన్ ఈ రెండు దారులూ వదిలి, నాటకశాలనే కథలో పాత్రగా మార్చాడు.

బెర్గ్‌మన్‌కు ఈ కృతితో అనుబంధం

బెర్గ్‌మన్ (1918–2007) తన 12వ ఏట స్టాక్‌హోమ్ రాయల్ ఒపేరాలో మాయావేణువు చూశాడు. బాల్యంలో బొమ్మల నాటకశాల అతడికి ప్రాణం. అందులో ఈ ఒపేరాను ఆడించాలని అప్పుడే అనుకున్నాడు. వృత్తిరీత్యా అతడు సినిమా దర్శకుడు ఎంతో రంగస్థల దర్శకుడూ అంతే. 1963 నుంచి 1966 దాకా స్వీడన్ జాతీయ నాటకశాల ‘డ్రమాటెన్’కు అధిపతిగా ఉన్నాడు. 1961లో రాయల్ ఒపేరాలో స్ట్రావిన్‌స్కీ ‘ద రేక్స్ ప్రోగ్రెస్’ను రంగస్థలం ఎక్కించాడు.

1968లో వచ్చిన ‘వార్గ్‌తిమ్మెన్’ (తోడేలు ఘడియ) అనే భయానక చిత్రంలో మాయావేణువులోని ఒక ఘట్టం బొమ్మలాటగా వస్తుంది. చీకటిలో నిలబడి, పామినా బతికి ఉందా అని తమీనో అడిగే చోటు అది. కనపడని గొంతులు అవునని జవాబిస్తాయి. ప్రేమ అనేది లోకంలో ఉందా అన్న ప్రశ్ననే మొజార్ట్ ఇక్కడ వేశాడని బెర్గ్‌మన్ అర్థం చేసుకున్నాడు, మొత్తం ఒపేరాకు ఇదే కేంద్రమని భావించాడు. 1975 చిత్రంలో ఈ ఘట్టాన్ని దాదాపు కదలిక లేకుండా, తమీనో ముఖం మీదే నిలిపి తీశాడు. పెద్ద హంగులు లేని ఈ కొద్ది నిమిషాల్లోనే చిత్రం తన బలం చూపుతుంది.

డ్రొట్నింగ్‌హోల్మ్ నాటకశాల, దాని నకలు (చూ. బరోక్ రంగస్థల యంత్రాలు)

స్టాక్‌హోమ్ సమీపంలో ఒక ద్వీపం మీద ఉన్న డ్రొట్నింగ్‌హోల్మ్ రాజప్రాసాద ప్రాంగణంలో ఒక చిన్న నాటకశాల ఉంది. రాణి లొవీసా ఉల్రీకా కోరిక మీద వాస్తుశిల్పి కార్ల్ ఫ్రెడ్రిక్ ఆడెల్‌క్రాంట్స్ దీన్ని 1766లో కట్టాడు. యంత్రసామగ్రి దొనాతో స్టోపానీ పని. దాదాపు 400 మంది కూర్చోవచ్చు. ఆమె కొడుకు, నాటకప్రియుడైన రాజు మూడవ గుస్తావ్ కాలంలో ఇది వెలిగింది. 1792లో స్టాక్‌హోమ్ ఒపేరా భవనంలో ముసుగుల నృత్యోత్సవం జరుగుతుండగా రాజు మీద కాల్పులు జరిగాయి. ఆ గాయంతో కొద్ది రోజుల్లో అతడు మరణించాడు. (వెర్దీ ఒపేరా ‘ఉన్ బల్లో ఇన్ మాస్కెరా’కు ఈ హత్యే ఆధారం.) తరువాత ఈ నాటకశాల మూతపడింది. మూతపడటమే దాన్ని కాపాడింది. కొత్త ఫ్యాషన్లకు తగ్గట్టు మార్చేవారు లేక, యంత్రాలు, తెరలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 1921లో నాటకచరిత్రకారుడు ఆగ్నె బేయెర్ వీటి విలువ గుర్తించాడు. 1922లో నాటకశాల మళ్ళీ తెరుచుకుంది. 1991లో డ్రొట్నింగ్‌హోల్మ్ ప్రాసాద ప్రాంగణాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

ఈ రంగస్థలం పనిచేసే తీరు తెలిస్తే చిత్రంలోని చాలా దృశ్యాలు తేటపడతాయి. వేదికకు రెండు పక్కలా, ఒకదాని వెనుక ఒకటిగా, రంగులు వేసిన పలకలు నిలబడి ఉంటాయి. వాటి అడుగున ఉన్న బండ్లు తాళ్ళతో ఒక పెద్ద చక్రానికి కట్టి ఉంటాయి. వేదిక కింద మనుషులు ఆ చక్రాన్ని తిప్పితే, పాత పలకలన్నీ ఒక్కసారిగా వెనక్కి జారి కొత్తవి ముందుకొస్తాయి. తోట కొన్ని క్షణాల్లో గుహ అవుతుంది, తెర దించనక్కర లేదు. సముద్రం కావాలంటే మెలికలు తిరిగిన పొడవాటి స్తంభాలను అడ్డంగా పడుకోబెట్టి తిప్పుతారు, అలలు కదిలినట్టుంటుంది. ఉరుము కోసం రాళ్ళు నింపిన చెక్కపెట్టెను అటూ ఇటూ ఒంచుతారు. దేవతలు దిగిరావడానికి పైనుంచి వేలాడే రథాలుంటాయి. ఒకప్పుడు వెలుగు కొవ్వొత్తులది.

బెర్గ్‌మన్ అక్కడే చిత్రీకరించాలనుకున్నాడు. కానీ చిత్రబృందం సామగ్రిని తట్టుకునే స్థితిలో ఆ పాత కట్టడం లేదు. అందుకని స్టాక్‌హోమ్‌లోని స్వీడిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ స్టూడియోలో ఆ వేదికను పోలిన వేదిక కట్టించాడు. నిజమైన నాటకశాల బయటి దృశ్యాలు మాత్రం చిత్రం మొదట్లో కనిపిస్తాయి. హెన్నీ నోరెమార్క్ కళారచన చేసింది. ఆమెతో కలిసి కారిన్ ఎర్స్‌కిన్ దుస్తులు రూపొందించింది.

నకలు కట్టడం ఖర్చుతో కూడిన రాజీలా కనిపించినా చిత్రానికి మేలే చేసింది. వేదిక ఎంత చిన్నదో కెమెరాకు తెలుసు, ప్రేక్షకుడికీ తెలుసు. అయినా కథ ముందుకు సాగేకొద్దీ దృశ్యాలు ఆ వేదిక కొలతలను మించిపోతాయి. మంచు, దీర్ఘమైన నడవాలు, అగ్నిగుహ వంటివన్నీ అందులో ఇమడవు. ఎక్కడ నాటకశాల ముగిసి ఎక్కడ సినిమా మొదలైందో చూసేవారు గుర్తించలేరు.

గాయకులు

పాత్రధారులందరినీ ఉత్తర ఐరోపా గాయకుల నుంచి, ముఖ్యంగా స్కాండినేవియా గాయకుల నుంచి ఎంచుకున్నారు. తమీనోగా టెనర్ యోసెఫ్ కోస్ట్‌లింగర్, పామినాగా ఫిన్లండ్ సొప్రానో ఇర్మా ఉర్రిలా, పాపగేనోగా బారిటోన్ హోకన్ హాగెగోర్డ్, పాపగేనాగా ఎలిసబెత్ ఎరిక్‌సన్, రాత్రి రాణిగా బిర్గిట్ నూర్డిన్, సారాస్త్రోగా డెన్మార్క్ బాస్ గాయకుడు ఉల్రిక్ కోల్డ్, మోనోస్తాతోస్‌గా రాగ్నార్ ఉల్ఫుంగ్, పూజారుల ప్రతినిధిగా ఎరిక్ సేడెన్ పాడి నటించారు. బ్రిట్-మారీ అరూన్, కిర్‌స్టెన్ వాపెల్, బిర్గిట్టా స్మీడింగ్ ముగ్గురు చెలికత్తెలు. ముగ్గురు బాలుర పాత్రలను పెద్ద గాయనులకు ఇచ్చే అలవాటు చాలా ఒపేరా సంస్థలలో ఉంది. ఇక్కడ నిజంగా బాలురే పాడారు.

పెద్ద హాళ్ళను నింపే గొంతుల కోసం బెర్గ్‌మన్ వెతకలేదు. పాత్ర వయసుకు తగ్గ ముఖం, సహజంగా పలికే గొంతు చాలనుకున్నాడు. ఈ ఎంపిక ఫలితం హాగెగోర్డ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1968లో రాయల్ ఒపేరాలో అతడి తొలి పాత్ర కూడా పాపగేనోయే. సంప్రదాయం ప్రకారం పాపగేనో ఒంటినిండా ఈకలతో వస్తాడు. ఇక్కడ ఆ వేషం లేదు, మామూలు కుర్రవాడే. మొదటి ప్రవేశానికి వేళయ్యేసరికి తెర వెనుక గదిలో నిద్రపోతూ, వంతు వచ్చిందని ఉలిక్కిపడి లేచి పరుగెత్తుతాడు. ఈ చిత్రం అతడికి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చింది. 1978లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో అడుగుపెట్టాడు.

శబ్దగ్రహణం

స్వీడిష్ రేడియో సింఫనీ వాద్యబృందం వాయించింది. ఎరిక్ ఎరిక్‌సన్ ప్రధానంగా బృందగాన నిర్వాహకుడు. స్వీడిష్ రేడియో గాయకబృందాన్ని దశాబ్దాల పాటు తీర్చిదిద్దినవాడు. అతడి చేతిలో సంగీతం తేలికగా, మాట తెలిసేలా నడుస్తుంది. సంగీతాన్ని ముందే రికార్డు చేసి, చిత్రీకరణలో దాన్ని వినిపిస్తూ గాయకుల చేత పెదవులు కలిపించారు. తెలుగు సినిమా ప్రేక్షకులకు ప్లేబాక్ కొత్త కాదు. ఒక్కటే తేడా: తెర మీద కనిపించే మనిషే ఆ పాట పాడిన మనిషి. గొంతు కోసం శ్రమపడాల్సిన పని చిత్రీకరణ వేళ లేకపోవడంతో ముఖం నటనకు స్వేచ్ఛగా దొరికింది. రహస్యం చెప్పే చోట గుసగుసలా పాడగలిగారు, ఎందుకంటే మైకు దగ్గరే ఉంది.

టెలివిజన్ కోసం స్టీరియో శబ్దంతో తయారైన తొలి చిత్రంగా దీన్ని పేర్కొంటారు. ఆనాటి టీవీలు స్టీరియో ఇవ్వలేవు కనుక, ప్రసారం జరుగుతుండగానే రేడియోలో స్టీరియో శబ్దాన్ని విడిగా అందించారు. బొమ్మ టీవీలో చూస్తూ పాట రేడియోలో వినే వీలు కల్పించారు. రేడియో స్వర్ణోత్సవానికి ఇంతకన్నా తగిన ఏర్పాటు ఉండదు.

ఛాయాగ్రహణం, దృశ్యరచన

నిక్విస్ట్ అప్పటికే బెర్గ్‌మన్‌తో ఎన్నో చిత్రాలు చేశాడు. ‘క్రైస్ అండ్ విస్పర్స్’కు ఆస్కార్ అందుకున్నాడు. మాయావేణువును 16 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు, సినిమా హాళ్ళ విడుదలకు 35 ఎంఎంకు పెంచారు.

ప్రారంభ వాద్యసంగీతం సాగినంతసేపూ కెమెరా వేదిక వైపు చూడదు. ప్రేక్షకుల ముఖాలనే చూస్తుంది: ముసలివాళ్ళు, పిల్లలు, నానా దేశాల వాళ్ళు. బెర్గ్‌మన్, నిక్విస్ట్, నటుడు ఎర్లాండ్ యోసెఫ్‌సన్ కూడా ఆ గుంపులో ఒక క్షణం కనిపిస్తారు. సంగీతం వేగం పెరిగితే ముఖాలు మారే వేగం పెరుగుతుంది. వీటన్నిటి మధ్య ఒక చిన్న పాప ముఖం మళ్ళీ మళ్ళీ వస్తుంది. కథ నడుమ కూడా అప్పుడప్పుడు ఆ పాప చూపు దగ్గరికి తిరిగి వెళతాం. ఇంట్లో కూర్చుని చూసేవారికి పక్క సీటులో ఎవరో ఉన్న భావన దీనివల్ల కలుగుతుంది. ఆ ముఖాలు మరీ ఎక్కువసార్లు వచ్చాయన్న అభ్యంతరమూ ఉంది.

పామినా చిత్రం ఇక్కడ ప్రాణమున్న బొమ్మ: తమీనో చూస్తుండగా అందులోని ముఖం కదులుతుంది. మహాసర్పం లోపల మనుషులున్నారని దాచరు. ముగ్గురు బాలురు గాలిబుట్టలో తేలుతూ దిగుతారు. పాటలో నీతివాక్యం వచ్చే చోట, ఆ మాటలు రాసిన పలకలు పాత్రధారులే పైకెత్తి చూపిస్తారు. రాణి మొదటి పాటలో కన్నీళ్ళ తల్లిగా కనిపించి, రెండో పాటలో చల్లని వెలుగులో ముసుగులాంటి ముఖంతో నిలుస్తుంది. తీగలు తెగేలా సాగే ఆ స్వరాలకు అలంకారం కన్నా ఆ వెలుగే ఎక్కువ భయం పుట్టిస్తుంది. పాపగేనో ఉరి దృశ్యం మంచు కురిసిన చలికాలంలో జరుగుతుంది. పాపగేనా వచ్చాక ఇద్దరూ పాడుకుంటూ ఒక్కొక్క చలిబట్టే విడుస్తుంటే చుట్టూ వసంతం వస్తుంది.

రెండు అంకాల మధ్య విరామాన్ని కూడా చిత్రించారు. తమీనో, పామినా చదరంగం ఆడుకుంటుంటారు. సారాస్త్రో వాగ్నర్ ‘పార్సిఫాల్’ స్వరప్రతి చదువుతుంటాడు, వేషం వేసుకున్న ఒక చిన్న పిల్లవాడు డొనాల్డ్ డక్ బొమ్మల పుస్తకం తిప్పుతుంటాడు. రాత్రి రాణి, పొగ తాగరాదన్న బోర్డు కింద సిగరెట్ కాలుస్తుంటుంది. పాత్రల వైరం వేదికకే పరిమితమని ఈ దృశ్యాలు చూపుతాయి, గంభీరమైన రెండో అంకానికి ముందు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాయి.

పాఠ్యంలో మార్పులు

స్వీడిష్ పాఠ్యం కవి ఆల్ఫ్ హెన్రిక్‌సన్‌ది. బెర్గ్‌మన్ చేసిన అతి పెద్ద మార్పు బంధుత్వానికి సంబంధించింది. మూలంలో పామినా తండ్రి చనిపోయాడు, సారాస్త్రో వేరే మనిషి. చిత్రంలో సారాస్త్రోయే పామినా తండ్రి. దీంతో వెలుగుకూ చీకటికీ జరిగే పోరు, విడిపోయిన భార్యాభర్తలు బిడ్డ కోసం పడే తగాదాగా మారింది. రాణి ఆగ్రహానికి, సారాస్త్రో కూతురిని తీసుకుపోవడానికి మానవ కారణం దొరికింది. 1973లో ఇదే దర్శకుడు స్వీడిష్ టెలివిజన్ కోసం ‘వివాహ దృశ్యాలు’ తీశాడు. ఆ ధారావాహికకూ దీనికీ ఉన్న చుట్టరికం స్పష్టమే.

మొజార్ట్, షికనేడర్ ఇద్దరికీ ఫ్రీమేసన్ సంఘాలతో సంబంధం ఉంది. ఆ సంఘాల దీక్షావిధుల ఛాయలు మూలంలో చాలా చోట్ల ఉన్నాయి. ఈజిప్టు దేవతలైన ఐసిస్, ఒసిరిస్‌ల ప్రార్థనలు ఆ కోవలోవే. బెర్గ్‌మన్ వీటిని బాగా తగ్గించాడు. రెండో అంకంలో సారాస్త్రో, తమీనో, పామినాలు కలిసి పాడే త్రయగీతాన్ని వదిలేశాడు, కొన్ని దృశ్యాల వరుస మార్చాడు. ముగింపులో సారాస్త్రో తన సమాజాన్ని తమీనో, పామినాలిద్దరికీ అప్పగించి వెళ్ళిపోతాడు. పాపగేనో, పాపగేనా తమ చిన్న పిల్లలతో కనిపిస్తారు.

ఈ మార్పులతో కొందరు సంగీతజ్ఞులు ఏకీభవించరు. రాణి మంచిదనుకున్న మనకు సారాస్త్రో మంచివాడని తెలియడంలో ఉన్న మిస్టరీ, కుటుంబ కలహంగా మార్చితే పలచబడుతుందని వారి వాదన. గొంతుల బరువు తక్కువన్న మాటా ఉంది. మరోవైపు, మూలపాఠ్యంలోని అతుకులు ఈ ఒక్క మార్పుతో చాలావరకు మాయమయ్యాయని మెచ్చుకున్నవారు ఎక్కువ. స్త్రీలను చులకన చేసే పూజారుల మాటలు, మోనోస్తాతోస్ ఒంటిరంగును ఎత్తిచూపే మాటలు మూలంలో ఉన్నాయి. నేటి నిర్మాతలందరికీ అవి తలనొప్పే. అదే మూలంలో, ఆఖరి పరీక్షలో తమీనో చేయి పట్టుకుని దారి చూపేది పామినా. ఉర్రిలా నటనలో ఆ ఘట్టానికి దక్కిన గౌరవం పూజారుల మాటలకు సరైన జవాబు.

ప్రసారం, విడుదల

1975 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో పోటీకి వెలుపల చూపించారు. అదే ఏడాది నవంబరులో అమెరికా హాళ్ళకు వచ్చింది. నోరెమార్క్, ఎర్స్‌కిన్ దుస్తుల రూపకల్పన ఆస్కార్ నామినేషన్ పొందింది. ఆ తరువాత కొద్దికాలానికే, 1976 ఆరంభంలో, పన్నుల వ్యవహారంలో పోలీసులు బెర్గ్‌మన్‌ను అదుపులోకి తీసుకోవడంతో అతడు మనసు విరిగి స్వీడన్ విడిచి వెళ్ళాడు. ఒపేరా వైపు మళ్ళీ వచ్చింది 1991లో, స్టాక్‌హోమ్‌లో డేనియల్ బోర్ట్స్ స్వరపరచిన ‘బాకాంటెర్నా’తో. అది కూడా తరువాత టెలివిజన్‌కు వెళ్ళింది.

తరువాతి చిత్రీకరణలు (చూ. ఒపేరా చిత్రం, ప్రత్యక్ష ప్రసారం)

జాన్-పియర్ పొనెల్ 1976లో మొజార్ట్ ‘ఫిగారో వివాహం’ను కార్ల్ బోమ్ సంగీత నిర్వహణలో టెలివిజన్ చిత్రంగా తీశాడు. జోసెఫ్ లోసీ 1979లో ‘డాన్ జొవానీ’ని ఇటలీలోని నిజమైన భవనాల్లో సినిమాగా తీశాడు. డ్రొట్నింగ్‌హోల్మ్ అసలు నాటకశాలలో, మొజార్ట్ కాలపు వాద్యాలతో, ఆర్నాల్డ్ ఓస్ట్‌మన్ నిర్వహించిన మొజార్ట్ ఒపేరాలను 1980లలో టెలివిజన్ కోసం రికార్డు చేశారు. మాయావేణువును 2006లో కెన్నెత్ బ్రానా మొదటి ప్రపంచయుద్ధపు కందకాల నేపథ్యంలో ఇంగ్లీషు సినిమాగా తీశాడు, పాఠ్యం స్టీఫెన్ ఫ్రైది. అదే ఏడాది డిసెంబరు 30న మెట్రోపాలిటన్ ఒపేరా తన వేదిక నుంచి సినిమా హాళ్ళకు ఉపగ్రహం ద్వారా ప్రత్యక్ష ప్రసారాలు ప్రారంభించింది. మొదటగా ఎంచుకున్నది జూలీ టేమర్ రంగదర్శకత్వంలోని మాయావేణువునే. పిల్లలతో కుటుంబాలు కలిసి చూసేలా దాన్ని కుదించి, ఇంగ్లీషులో పాడారు.